పదకొండు పుట్టినరోజులు

సామ్యూల్‌గారు పుట్టింది డిసెంబరు పదమూడున, నిజాంపట్నం రేవుకి దగ్గర్లో. అయినా రెండు వేల పన్నెండులో, ఏప్రిల్‌కీ నవంబరుకీ మధ్య, నార్త్ కరొలైనా సముద్రపుటొడ్డు పొడుగునా ఆయనకి పదకొండుసార్లు పుట్టినరోజు జరిగింది. పదకొండు హోటళ్ళలో ముక్కూమొహం తెలియని మనుషులు ఆయన చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టి పాట పాడారు. ఒక్కసారి తప్ప ప్రతిసారీ అబద్ధమాడింది ఆయన భార్య రూతు. అప్పటికి ఆమెకి యాభై రెండేళ్ళు. అంతవరకూ ఆమె నోట అబద్ధం విన్నవాళ్ళు మోరిస్‌విల్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరూ లేరు.

ఆయన చేత నాలుగు ముద్దలు తినిపించడానికి ఆమెకి ఇంకో దారి దొరకలేదు.

వాళ్ళు అమెరికా వచ్చి అప్పటికి పదమూడేళ్ళు. సామ్యూల్‌గారు రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లో ఒక కంపెనీలో డేటాబేస్ పని చూసేవారు. రూతు బాపట్లలో టీచరుగా ఉండి వచ్చింది. ఇక్కడ ఒక ఎలిమెంటరీ స్కూల్ కెఫెటేరియాలో, జుట్టుకి వల తొడుక్కుని, వరసలో కదిలే పిల్లల ట్రేలలో ఉడకబెట్టిన బఠానీలు, మెత్తటి బంగాళాదుంప ముద్ద వేసేది. పిల్లలు ఆమెని మిస్ రూత్ అనేవాళ్ళు. సొంత పిల్లలు లేరు. సాయంత్రాలు ఇద్దరే ఒక చిన్న బల్లకి అటూ ఇటూ కూర్చునేవాళ్ళు. కిటికీలోంచి పార్కింగ్ లాట్, దాని మీద వానవాసన, ఎవరివో పిల్లల సైకిళ్ళు.

సామ్యూల్‌గారి భోజన ప్రార్థన సంఘంలో పేరుమోసింది. అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాక ఆయన కళ్ళు మూసుకునేవారు. "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్న పిలుపు దగ్గర బయల్దేరి, అన్నం పండించిన చేతుల మీదుగా, వల లాగిన చేతుల మీదుగా, వండిన అక్కచెల్లెళ్ళ మీదుగా వెళ్ళేవారు. దారిలో ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళని, వీసా స్టాంపింగ్ కోసం వెళ్ళినవాళ్ళని, సముద్రం మీద ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ పలకరించేవారు. గాలి పడిపోయిన పడవలాగా, ఏ తొందరా లేకుండా, చివరికి "యేసు నామమున" దగ్గరికి చేరేవారు. అప్పుడు సంఘమంతా ఒక్క గొంతుతో "ఆమేన్" అనేది. ఆ కేకలో భక్తి ఎంతో, ఆకలి ఎంతో చెప్పడం కష్టం.

సంఘంలో గిటారు వాయించే షాలోమ్‌కి ఆయన దగ్గర చనువెక్కువ. "అంకుల్, మీరు స్టార్ట్ చేసినప్పుడు అది వేడి బిర్యానీ. మీరయ్యేసరికి చద్దన్నం" అనేవాడు.

"చద్దన్నానికి పెరుగేసుకో నాయనా, ఒంటికి మంచిది" అనేవారు సామ్యూల్‌గారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

రెండు వేల పదిలో ఆయన లోపల ఒడ్డు కోత మొదలైంది. మొదట ఆఫీస్‌కి వెళ్ళే దారి పోయింది. తర్వాత ఆఫీసే పోయింది. డాక్టరు తెర మీద మెదడు బొమ్మ చూపించి, ముందు భాగం కుంచించుకుపోతోందని, అది ఆగదని, యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇది తొందరేనని నెమ్మదిగా చెప్పాడు. రూతు ఆ బొమ్మలోని నల్లటి ఖాళీలకేసి చూసింది. ఆటుకి నీళ్ళు దిగినప్పుడు రేవులో బయటపడే బురదచాళ్ళు అట్లాగే ఉంటాయి.

ఆయనకి తమ్ముళ్ళ పేర్లు పోయాయి, చొక్కా బొత్తాల వరస పోయింది. ప్రార్థన మాత్రం పోలేదు. దాని చివర పోయింది. వండిన చేతుల్ని దీవించడం దాకా చక్కగా వచ్చేవారు. అక్కడ ఏదో తెగేది. కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ వెతుక్కునేవి. మళ్ళీ "పరిశుద్ధుడవైన తండ్రీ" అంటూ మొదటికి వచ్చేవారు.

"ఆమేన్" అంది రూతు ఒకరోజు, మూడో చుట్టు తర్వాత.

ఆయన ఒక కన్ను తెరిచారు. "ఇంకా అవలేదు రూతూ. మధ్యలో అనకూడదు."

"పప్పు చల్లారిపోతోందండీ."

"దేవుడితో మాట్లాడుతుంటే పప్పేంటి?"

ఆ తెరిచిన కన్ను మూసుకుంది. మళ్ళీ మొదటి నుంచి. గంటన్నర తర్వాత ఆయన అలిసిపోయి కుర్చీలోనే తల వాల్చేశారు. అన్నం మీద పప్పు పొరకట్టింది. ప్రార్థన పూర్తికాకుండా మెతుకు ముట్టుకునే మనిషి కాదు ఆయన, చిన్నప్పటినుంచీ. ఆ పట్టుదల ఆయనకంటే లోతుగా ఎక్కడో పాతుకుని ఉంది. అన్నీ కొట్టుకుపోయినా అది నిలబడింది.

రూతు ఏవేవో చేసి చూసింది. సంఘం ఆమేన్ అన్న శబ్దాన్ని ఫోన్‌లో రికార్డ్ చేసుకొచ్చి వినిపిస్తే, "తలుపు దగ్గర ఎవరో ఉన్నట్టున్నారు, చూడు" అన్నారు. చెంచాతో నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించి, ఆ బిగువులోంచే ప్రార్థన సాగించారు. టీకి, బిస్కెట్లకి, అరటిపండుకి మాత్రం వాళ్ళ ఇంట్లో ఎప్పుడూ ప్రార్థన లేదు. అవి భోజనం కిందికి రావు. కాబట్టి ఆయన టీలో ముంచిన బిస్కెట్ల మీద, సగం అరటిపండ్ల మీద బతికారు. బెల్టుకి రూతు కత్తెర మొనతో కొత్త చిల్లులు పొడిచింది. ఒకటి, తర్వాత ఇంకొకటి.

రెండు వేల పదకొండు అక్టోబరులో ఆమె ఆయన్ని సముద్రానికి తీసుకెళ్ళింది. రెండున్నర గంటల డ్రైవ్. ఆయనకి అట్లాంటిక్ అంటే ఇష్టం. ఇక్కడా సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు, మన వైపులాగే, అనేవారు. ఒడ్డున ఒక చెక్క హోటల్‌లోకి వెళ్ళారు. గోడల మీద పాత వలలు, గాజు బంతులు, కిటికీ బయట పడవల తాళ్ళు చెక్క స్తంభాలకి రాసుకునే చప్పుడు. వేయించిన చేప, రొయ్యలు, పునుగుల్లాంటి మొక్కజొన్న ఉండలు వచ్చాయి. సామ్యూల్‌గారు కళ్ళు మూసుకున్నారు. రూతు చేతులు ఒళ్ళో పెట్టుకుని చల్లారిపోయే తిండికేసి చూస్తూ కూర్చుంది. ఈ దేశంలో ఆమె తినే ప్రతి భోజనమూ చల్లగానే ఉండి ఏడాది కావస్తోంది.

రెండో చుట్టులో ఉండగా పక్క బల్ల దగ్గరికి హోటల్ పనివాళ్ళు ఆరుగురు గుంపుగా వచ్చారు. అక్కడెవరో ముసలామె పుట్టినరోజట. చప్పట్లు, బల్ల మీద దరువు, గొంతు చించుకుని పాట, చివర అందరూ కలిసి పెద్ద కేక. ఆ కేక కప్పుకి తగిలి కిందికి దిగుతుండగా సామ్యూల్‌గారు తల పైకెత్తారు.

"ఆమేన్" అన్నారు. కళ్ళు తెరిచారు. చేప ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నారు.

రూతు కదల్లేదు. కదిలితే ఏమవుతుందోనని. ఆయన చేప అంతా తిన్నారు. రొయ్యలు తోకలతో సహా తిన్నారు. ఆమె ప్లేటులోవి కూడా తీసుకుని, "ఉప్పు సరిపోయింది" అన్నారు. గడ్డం మీద నూనె మెరిసింది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఆ నూనె మీద ఆగి ఉంది. రూతు లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళి, చేతులు కడుక్కునే తొట్టి పట్టుకుని ఏడ్చింది.

ఆ కేకకి ప్రార్థన ఎందుకు ముగిసిందో ఆమెకి తెలియదు. డాక్టరుకీ తెలియదు. ఒకవేళ ఆయనకి కావలసింది మాట కాదేమో, జనం ఒక్కసారిగా లేచిన ఊపిరేమో. ఇంటికొచ్చి టీవీలో ఆట పెట్టి సౌండ్ పెంచింది. "టీవీ కట్టేయ్ రూతూ, ప్రార్థనలో ఉన్నాం" అన్నారాయన.

అట్లా ఆ శీతాకాలం, జీవితంలో మొదటిసారి, రూతు పబ్బు మెట్లెక్కింది.

అది పిట్స్‌బరో దారిలో, పొలాల మధ్య, పాత పిండిమిల్లు పక్కన ఉంది. తక్కువ ఎత్తు కప్పు, పొగచూరిన దూలాలు, నిజమైన కట్టెలు మండే పొయ్యి. సాయంత్రం నాలుగింటికే చుట్టుపక్కల రైతులు, లారీల వాళ్ళు వచ్చి కాలేజీ బాస్కెట్‌బాల్ చూస్తారు. గుమ్మంలో బీరు వాసన తగలగానే రూతు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె తండ్రి తాగి గోడకి తల కొట్టుకున్న మనిషి. పర్సు గుండెకి అదుముకుని, మూల బల్ల దగ్గర గోడవైపు కూర్చుని, జింజర్ ఏల్ అనే అల్లం సోడాలు రెండు, చేప, బంగాళాదుంప ముక్కలు అడిగింది. నెరిసిన జడ వేసుకున్న బార్ ఆవిడ, "అంతేనా హనీ?" అని అడిగి, బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి వెళ్ళింది.

సామ్యూల్‌గారు ప్రార్థన మొదలుపెట్టారు. తెర మీద ఎవరో బంతి బుట్టలో వేశారు. పబ్బంతా గర్జించింది. "ఆమేన్" అని ఆయన ఫోర్క్ అందుకున్నారు.

మూడోవారానికి వాళ్ళని అందరూ గుర్తుపట్టారు. ఆయన తల వంచగానే ఆట మారుతుందని ఎవరో కనిపెట్టారు. టోపీ పెట్టుకున్న ముసలి రైతు ఒకాయన తలుపు తెరుచుకోగానే, "ప్రీచర్ వచ్చాడు, ఇక మనదే" అని అరిచేవాడు. వెనకబడి ఉన్న రోజున బార్ దగ్గర్నుంచి, "ఏమ్మా, ఆయనకింకా ఆకలేయలేదా? త్వరగా మొదలెట్టమను!" అని రూతుని తొందరపెట్టేవాళ్ళు. రూతు సిగ్గుతో నవ్వేది. ఆయన గ్లాసు అంచు మీంచి వాళ్ళందరికేసి దయగా చూసి, "మంచి సంఘం" అనేవారు.

ఆ నాలుగు నెలల్లో ఆయన ఆరు పౌన్లు పెరిగారు. పొయ్యి దగ్గర బల్లని వాళ్ళ కోసం ఖాళీగా ఉంచేవాళ్ళు. అద్దాల మీద మంచు పట్టి, లోపలి దీపాలు తేనె రంగులో కరిగినట్టుండే ఆ సాయంత్రాల్లో రూతు ఒక్కోసారి తను ఎక్కడుందో మరిచిపోయేది. ఆయనా బాగున్నట్టే ఉండేవారు. ఆమె కూడా వేడి తిండి తినేది.

ఏప్రిల్ మొదట్లో ఆటలు అయిపోయాయి. పబ్బు తలుపు తీస్తే లోపల నలుగురు మౌనంగా గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. సామ్యూల్‌గారు పొయ్యి ముందు కూర్చుని ప్రార్థనని ఏడు చుట్లు తిప్పారు. బార్ ఆవిడకి రూతు సంగతంతా అప్పుడు చెప్పింది. ఆవిడ ఆ నలుగురినీ లేపి, "ఒక్కసారి అరవండ్రా" అంది. అరిచారు. మొహమాటంగా, ఎవరికి వాళ్ళు. ఆయనకి వినబడనే లేదు.

అప్పుడు మొదలయ్యాయి పుట్టినరోజులు.

రూతు ఆ నెలలోనే స్కూల్ పని మానేసింది. రెండు మూడు వారాలకోసారి కారులో ఆయన్ని కూర్చోబెట్టుకుని సముద్రానికి బయల్దేరేది. ఒకసారి వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళకూడదని నియమం పెట్టుకుంది. కుర్చీలో కూర్చోగానే పనిపిల్లని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పేది: "ఈ రోజు మా ఆయన బర్త్‌డే. తిండి బల్ల మీద పెట్టాక పాడతారా? గట్టిగా పాడండి. ఆయనకి కాస్త చెవుడు." అది రెండో అబద్ధం. మొదటిసారి చెప్పినప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. నాలుగోసారికి, "అరవై నిండాయి" అని వయసు కూడా కలిపింది.

సముద్రం పక్కన ఆ వేసవి అంతా ఆయనకి పాడారు. కాగితం టోపీ పెట్టారు. ఒకచోట స్టీలు గిన్నెలు కొట్టారు, ఒకచోట వంటవాళ్ళు కూడా ఆప్రన్లతో బయటికొచ్చారు. ప్రతిచోటా కేక చివర ఆయన "ఆమేన్" అని, పీతల కాళ్ళు విరిచి, నిజాంపట్నంలో నేర్చుకున్న ఒడుపుతో లోపలి తెల్లటి కండ లాగి తినేవారు. చేతులకి ఆ విద్య ఇంకా గుర్తుంది. కిటికీల అవతల పెలికన్ పక్షులు నీళ్ళకి తగిలీ తగలనట్టు ఎగురుతుండేవి. ఐస్‌క్రీమ్ మీద కొవ్వొత్తి వస్తే ఆయన ఊదేవారు కాదు. దాన్ని చూస్తూ, "కరెంట్ పోయిందా?" అని అడిగేవారు.

ఆగస్టులో, ఏడో పుట్టినరోజున, పాట ముగుస్తుండగా వెనక బల్ల దగ్గర్నుంచి ఒక పిల్ల గొంతు వినిపించింది.

"బట్ డాడీ, సామ్యూల్ అంకుల్ బర్త్‌డే డిసెంబర్‌లో కదా? చర్చ్‌లో కేక్ ఈట్ చేశాం!"

రూతు వెనక్కి తిరిగింది. షాలోమ్, అతని భార్య, వాళ్ళ ఏడేళ్ళ కూతురు ఫెబీ. తెలుగు సంఘంలో ప్రతి ఆదివారం ఆ వారం పుట్టినవాళ్ళని ముందుకి పిలిచి పాట పాడి కేకు పంచుతారు. పిల్లలకి ఆ కేకుల లెక్క బాగా తెలుసు. కొవ్వొత్తి పట్టుకున్న పనిపిల్ల ఫెబీకేసీ, రూతుకేసీ చూసి, ఐస్‌క్రీమ్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. సామ్యూల్‌గారు తింటున్నారు.

షాలోమ్ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. "ఏంటి ఆంటీ ఇది?"

"అడగొద్దు నాయనా."

"అంకుల్ సన్నబడ్డారు కదా అని అడిగితే షుగర్ అన్నారు."

"షుగర్ కాదు." ఆమె ఒక్కో మాటా ప్లేటు పక్కన పెడుతున్నట్టు చెప్పింది. డాక్టరు మాట, చుట్లు, బిస్కెట్లు, పబ్బు, పుట్టినరోజులు. రెండేళ్ళు దాచింది మరి. ఆదివారాలు ఆరాధన కాగానే, భోజనాలకి ఉండకుండా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయేది. ఆయన సంఘపెద్ద. ఆయన నోట ప్రార్థన తెగిపోవడం ఆ మనుషులు చూడకూడదనుకుంది. ఆ పరువు ఒక్కటైనా ఆయనకి మిగలాలనుకుంది.

షాలోమ్ కళ్ళు తుడుచుకుని, "ఆమేన్ అనడమేగా ఆంటీ కావలసింది? అంత మందిమి ఉన్నాం. మేం అంటాం కదా!" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు రూతుకి ఒక్క క్షణం సముద్రం తనని తేలిగ్గా పైకెత్తినట్టనిపించింది. ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని వదిలి ఇంత దూరం తిరిగానా అనుకుంది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం సంఘం ఆమె ఇంటికి వచ్చింది. పాస్టర్‌గారితో కలిపి పంతొమ్మిది మంది. అల్యూమినియం ట్రేలలో మటన్ పలావు, గోంగూర, రొయ్యల వేపుడు. చెప్పులు గుమ్మం దాటి మెట్ల దాకా పరుచుకున్నాయి. సామ్యూల్‌గారిని బల్ల దగ్గర కూర్చోబెట్టి ప్లేటులో వడ్డించారు. షాలోమ్ అందరికీ చెప్పాడు: "నేను చెయ్యెత్తగానే అందరూ ఒకేసారి. గట్టిగా. ఓకేనా?"

సామ్యూల్‌గారు ఆ మనుషుల్ని చూశారు. నెలల తరబడి మసకగా ఉన్న మొహం వెలిగింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చొక్కా సర్దుకున్నారు. "దేవునికి స్తోత్రం. ప్రియ సహోదరీ సహోదరులారా, కూడుకున్నందుకు వందనాలు" అన్నారు. గొంతు పాత గొంతే. ప్రార్థన మొదలైంది.

షాలోమ్ చెయ్యెత్తాడు. పంతొమ్మిది గొంతులు "ఆమేన్!" అన్నాయి.

సంఘంలో మాట మాటకీ ఆమేన్ అనడం అలవాటు. అది ప్రార్థన చేసే మనిషికి ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని ఇచ్చే బలం. సామ్యూల్‌గారు ఆ బలం అందుకున్నారు. గొంతు పెరిగింది. చేతులు పైకి లేచాయి. షాలోమ్ మళ్ళీ చెయ్యెత్తాడు. మళ్ళీ ఆమేన్. ఆయన ఇంకా పైకి వెళ్ళారు. ఆపాలని వాళ్ళు అంటున్న ప్రతి ఆమేనూ పొయ్యిలో కట్టె అయింది. పాస్టర్‌గారే ముగింపు మాటలు అందించారు, "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ..." అని. "అవును తండ్రీ" అని ఆయన ఆ మాటల్ని దాటి మొదటికి వెళ్ళారు. గంట దాటాక గొంతు బొంగురుపోయింది. కాళ్ళు వణుకుతున్నాయి. కూర్చోమని ఇద్దరు భుజాలు పట్టుకుంటే, కళ్ళు తెరవకుండానే అడిగారు:

"ఇంకెవరివైనా ప్రార్థన మనవులున్నాయా?"

పాస్టర్‌గారు చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పలావు మీద నెయ్యి తెల్లగా గడ్డకట్టింది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో, సంఘంలో పెద్దావిడ రాధారాణి చెప్పులు వెతుక్కుంటూ అంది: "లోకస్థులు తాగి అరిస్తే తింటాడు, దేవుని బిడ్డలు ఆమేన్ అంటే తినడా? నువ్వేం అలవాటు చేశావో రూతమ్మా ఆయనకి."

"ఆకలి అక్కా" అంది రూతు. "నేను చేసింది కాదు."

"అట్టాంటి చోట్లకి తీసుకెళ్ళబోయే ముందు మాకొక మాట చెప్పాల్సింది."

"చెప్పాను కదక్కా. ఈ రోజు చెప్పాను."

రాధారాణి చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. ఆ సాయంత్రమంతా రూతు పంతొమ్మిది మంది తినకుండా వదిలేసిన తిండిని డబ్బాల్లోకి సర్దింది. ఆ తర్వాత సంఘం నుంచి ఫోన్లు వచ్చేవి, ప్రార్థిస్తున్నామని. ఆదివారాలు ఆమె వెళ్ళడం తగ్గింది. ఎవరూ వెళ్ళగొట్టలేదు. గుమ్మం దగ్గర అందరూ ఆయనకేసి చూసే చూపు ఆమె మోయలేకపోయింది.

సెప్టెంబరులో రెండుసార్లు, అక్టోబరులో ఒకసారి పుట్టినరోజులు జరిగాయి. అక్టోబరుది పదోది. అప్పుడు పాట రెండోసారి పాడించవలసి వచ్చింది. రెండోసారి కూడా ఆయన సగమే తిన్నారు.

నవంబరు మొదటివారంలో డాక్టరు ఆయన్ని తూకం మీద నిలబెట్టి, ఆ అంకె పైకి చదవకుండా రాసుకున్నాడు. నోటితో తినలేకపోతే పొట్టలోకి గొట్టం వేయాలా వద్దా, అది ఆమే చెప్పాలన్నాడు. వేస్తే ఆయన దాన్ని లాగేసుకుంటారని, చేతులు కట్టెయ్యవలసి వస్తుందని కూడా చెప్పాడు. వద్దంటే ఎంతకాలమని ఆమె అడిగింది. వారాలు, అన్నాడు. సోమవారం చెబుతానంది.

శనివారం పొద్దున ఆయనకి ఉన్ని కోటు తొడిగి, సీటు బెల్ట్ పెట్టి, సముద్రానికి బయల్దేరింది.

స్వాన్స్‌బరో దాటాక సగం హోటళ్ళకి చెక్కలు బిగించేశారు. చలికాలానికి మూసేస్తారు అక్కడ. చివరికి ఒకటి తెరిచి ఉంది. అదీ ఆ రోజుతో ఆఖరు. బయట వరండా కుర్చీలు తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. లోపల ఒక పనిపిల్ల, వంటింట్లో ఒక మనిషి, కిటికీ దగ్గర ఒక ముసలి జంట. సముద్రం బూడిదరంగులో, ఎవరి కోసమూ కానట్టు కదులుతోంది.

రూతు పనిపిల్లని పక్కకి పిలిచింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక, నిజమే చెప్పింది. ఆ పిల్ల విని, వంటింట్లోకి పరిగెత్తి, వంటవాణ్ణి తీసుకొచ్చింది. ముసలి జంటకీ చెప్పింది. నలుగురూ వచ్చి నిలబడ్డారు. చేప వేడిగా ఆవిరి కక్కుతోంది. సామ్యూల్‌గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి, మాటలు లేవు.

నలుగురూ పాడారు. కేక పెట్టారు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. మళ్ళీ పాడారు. వంటవాడు గరిటెతో బల్ల కొట్టాడు. ముసలాయన తన చేతికర్రతో నేల కొట్టాడు. మూడోసారి ఆ ముసలామె గొంతు బద్దలయ్యేట్టు అరిచి, దగ్గొచ్చి కుర్చీలో కూలబడింది. వాళ్ళు చేయగలిగిందంతా చేశారు. చేసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, నెమ్మదిగా ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

అంతా సద్దుమణిగాక సామ్యూల్‌గారు తనంతట తనే కళ్ళు తెరిచారు. ఆమేన్ అనలేదు. పెదవులు ఆగిపోయాయి.

రూతు గబగబా ప్లేటు ముందుకి లాక్కుంది. చేపని ముల్లు లేకుండా విడదీసి, డబ్బాలో తెచ్చిన మెత్తటి అన్నంలో కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. నోరు తెరుచుకుంది. పళ్ళు బిగించలేదు. ముద్ద లోపలికి వెళ్ళింది. ఆమె ఆయన గొంతుకేసి చూస్తూ కూర్చుంది.

గొంతు కదల్లేదు. ముద్ద బుగ్గలో అట్లాగే ఉంది. ఆయన కిటికీకేసి చూస్తున్నారు. ప్రార్థన కోసం ఆగడం లేదు, ఎవరి కేక కోసమూ ఆగడం లేదు. నోట్లో ఉన్నదేమిటో, దాన్నేం చెయ్యాలో ఆయనకి తెలియడం లేదు.

"నమలండి" అంది. "ఏమండీ. చేప. మీకిష్టం కదా. నమిలి మింగండి."

ఆయన ఆమెని మర్యాదగా చూశారు, కొత్తవాళ్ళని చూసినట్టు.

"ఇట్టా చూడండి" అంది రూతు. ప్లేటులోంచి ఒక ముద్ద తీసుకుని తన నోట్లో పెట్టుకుంది. దవడలు పెద్దగా కదిపి నమిలింది. వేలితో తన గొంతు చూపించి మింగింది. నోరు తెరిచి ఖాళీగా ఉందని చూపించింది. "అంతే. ఇంతేనండీ."

ఆయన ఆసక్తిగా చూశారు. బుగ్గ ఉబ్బెత్తుగా అట్లాగే ఉంది.

ఇంకో ముద్ద తీసుకుంది. నమిలింది. మింగింది. "ఇట్టా." పనిపిల్ల దూరంగా కుర్చీలు ఒక్కొక్కటీ ఎత్తి బల్లల మీద తలకిందులుగా పెడుతోంది. ఈ బల్ల దగ్గరికి రాకుండా మిగతావన్నీ చేస్తోంది. చేప బాగుంది. పైన కరకరలాడుతూ, లోపల తీయగా, ఇంకా వేడిగా ఉంది. రూతు కళ్ళ నీళ్ళు ముక్కు పక్కనుంచి జారి నోట్లోకే వస్తున్నాయి. వాటిని కూడా మింగుతూ, ఆయన కళ్ళలోకి చూస్తూ, ఆమె ఆయన ప్లేటులోది ముద్ద తర్వాత ముద్ద తిని చూపిస్తోంది. ప్లేటు సగం ఖాళీ అయింది. "ఇట్టా అండీ" అంటోంది. "ఇట్టా."